మా మరిది రాసిన నలభై నాలుగు

మా మరిది సిప్రియన్ వెల్లె చనిపోయినప్పుడు అతనికి సూటు తొడిగి టై కట్టినవాడు లియాండర్ కోప్. ఆ ముడి వేయడానికి లియాండర్‌కి ముప్పావుగంట పట్టింది. చర్చి గంట కొట్టేవాడు రెండుసార్లు తలుపు సందులోంచి తొంగిచూసి వెళ్లాడు. లియాండర్ తొందరపడలేదు. అతనిది మొదటినుంచీ అదే గుణం. ఆ గుణం వల్లే ఒక వేసవిలో మా సెయింట్ వెండెలిన్ ఊరు ఊరంతా అతన్ని ఈసడించుకుంది. ఆ గుణం వల్లే మా మరిది అతన్ని వెనకేసుకొచ్చాడు. వెనకేసుకొచ్చి, అతనికి ఉన్న ఇబ్బందిని రెట్టింపు చేశాడు.

మొన్న ఫాదర్ నన్ను పిలిచి, "అపోలోనియమ్మా, సిప్రియన్ గురించి చర్చి పత్రికకు రెండు పేజీలు రాసివ్వు. దగ్గరినుంచి చూసినదానివి. నాలుగు మంచి మాటలుంటే చాలు" అన్నాడు. నాలుగు దొరుకుతాయో లేదో నాకు తెలియదు. నేను చదివింది ఆరో తరగతి. లేనివి పుట్టించి రాయడం ఆరో తరగతిలో నేర్పరు. జరిగింది రాస్తాను.

సిప్రియన్ మా చెల్లెలు ఒటీలియా భర్త. పాలకేంద్రంలో వెన్న శాతం చూసేవాడు. ఇప్పుడా పాలకేంద్రం మూతపడి ట్రాక్టర్ టైర్లు అమ్ముతున్నారు కనుక పిల్లలకు చెప్పాలి. రోజూ పొద్దున రైతులు క్యాన్లు దించేవారు. డబ్బు పాల బరువుకు కాదు, అందులోని వెన్నకు ఇచ్చేవారు. సిప్రియన్ ప్రతి రైతు పాలలోనూ కాసిని మెడ సన్నటి సీసాలో పోసి, ఆసిడ్ కలిపి, గిర్రున తిప్పి, మెడలోకి తేలిన పచ్చటి వెన్నను కొలిచేవాడు. కొలిచిన అంకెను గోడకున్న నల్లబోర్డు మీద పేరు పక్కన రాసేవాడు. మూడున్నర ఉంటే మూడున్నర. మూడుంటే మూడు. ఎదురుగా నిలబడ్డవాడు అన్నయ్యా, పొరుగువాడా, చర్చిలో పక్క బల్లవాడా అన్నది చూసేవాడు కాదు. మా అమ్మ తెచ్చిన పాలకు కూడా మూడే రాశాడు, అదీ పెళ్లయిన మూడో నెలలో. మా అమ్మ ఆ తరువాత బతికినన్నాళ్లూ అతనికి కాఫీ ఇచ్చింది గానీ కప్పు కింద సాసరు పెట్టలేదు.

ఇలాంటి మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. తన ఆవు గొప్పదని నమ్మే ప్రతివాడి ఆవు గురించీ నిజం తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే, వాడు సిప్రియన్. పొలాల్లో ఏం తప్పు జరిగినా, ఎండలు కాసినా, గడ్డి ఎండినా, ఆ చిన్న అంకెలో తగ్గినదంతా అతనే మింగేశాడనుకునేవారు. "కోశాడు" అనేవారు. మా ఊళ్లో ఆ మాట అతనికే వాడేవారు.

నన్నూ వదల్లేదు. ఒక ఈస్టర్ నాడు నా రూబార్బ్ కేకు తిని, ఇంటిల్లిపాదీ వింటుండగా, "బాగుంది వదినా. వెన్న కొంచెం తక్కువైంది" అన్నాడు. ఆ పుల్లటి కాడల కేకు కోసం చుట్టుపక్కల మూడు ఊళ్లవాళ్లు మా చర్చి విందుకు వచ్చేవారు. నేను అతని ముందున్న పళ్లెం తీసి, మిగిలిన ముక్క కుక్కకు వేశాను.

ఇక ఆట సంగతి. ఆదివారం పూజ అయ్యాక మధ్యాహ్నం ఊరంతా బేస్‌బాల్ మైదానానికి పోయేది. ఆడేవాళ్లందరూ ఊరి కుర్రాళ్లే. ఎదుటి జట్టూ పక్క ఊరి కుర్రాళ్లే. బంతి వేసేవాడు కొట్టడానికి వీలైన చోటికి వేస్తే మంచి బంతి. అందకుండా పక్కకో పైకో వేస్తే చెడ్డ బంతి. మంచి బంతులు మూడు పోగొట్టుకుంటే బ్యాటు పట్టినవాడు అవుటు. చెడ్డ బంతులు నాలుగు వదిలేస్తే, ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచిపోవచ్చు. నాలుగు బేస్‌లూ చుట్టివస్తే ఒక పరుగు. బంతిని కంచె దాటిస్తే ఒక్క దెబ్బతో మొత్తం చుట్టేయొచ్చు, దాన్ని హోమ్ రన్ అంటారు.

హోమ్ రన్ కొట్టిన మా కుర్రాడికి చర్చి ఆడవాళ్ల ఫలహారాల పాకలోంచి ఒక పూర్తి కేకు ఇవ్వడం ఆచారం. ఆ ఆచారం నా చేతి మీదుగానే మొదలైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక కుర్రాడు మొదటి ఆటలోనే కంచె దాటించాడు. అప్పుడు నా చేతిలో కేకు ఉంది. ఇచ్చేశాను. మరుసటి ఆదివారం ఇంకొకడు కొట్టి, చేతులు చాపుకుని పాక ముందుకొచ్చి నిలబడ్డాడు. మా ఊళ్లో ఒకసారి జరిగితే సంఘటన, రెండోసారి జరిగితే ఆచారం.

ఆ వేసవి కేకులన్నీ బ్రూనోకే పోయాయి. దాణా మిల్లు యజమాని, జట్టు పెద్ద హ్యూబర్ట్ ఎన్నెకింగ్‌కి అతను కొడుకు. బ్రూనో కంటికి కనిపించిన ప్రతి బంతినీ బాదేవాడు. నేలమీద దొర్లే బంతిని బాదబోయి పడిపోవడం నేను కళ్లారా చూశాను. అయితే నాలుగు వారాలకొకసారి ఒకటి తగిలేది. తగిలితే అది కంచె అవతల జొన్నల్లో పడేది, జనం టోపీలు ఎగరేసేవారు, నేను కేకు కోల్పోయేదాన్ని.

లియాండర్ కోప్ మా ఊరి శవాల పని చూసే ఆయన దగ్గర సహాయకుడు. పొడుగ్గా, తెల్లగా, ఎప్పుడూ పలకరింపుకొచ్చినట్టు ఉండేవాడు. మొదట బ్యాటు పట్టేవాడతనే. వెళ్లి నిలబడేవాడు. బ్యాటు భుజం మీద పెట్టుకుని బంతులు పోతుంటే చూసేవాడు. నాలుగు చెడ్డవి చూశాక బ్యాటు నేలమీద మెల్లగా, ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు పెట్టి, మొదటి బేస్‌కు నడిచేవాడు. చాలాసార్లు జరిగేది ఇదే. మిగతాసార్లు అంపైర్‌తో కుదరక, బ్యాటు కదపకుండానే అవుటయ్యేవాడు. అప్పుడు వినాలి మావాళ్లను.

"ఒరేయ్, బతికున్నావా, నాడి చూడమంటావా?"

"ఆ బ్యాటుతోపాటే పాతిపెట్టండర్రా వాణ్ణి!"

అన్నిటికన్నా గట్టి గొంతు మథియాస్ రోల్‌ది. పదహారు ఆవుల రైతు, పాల శాతం ఎప్పుడూ మూడు దాటేది కాదు. "మనం వచ్చింది ఆట చూడ్డానికా, వీడు నడవడం చూడ్డానికా? నడక చూడాలంటే మా మామ్మని తీసుకొస్తాను, ఇంతకన్నా జోరుగా నడుస్తుంది!" అని అరిచేవాడు.

నేనూ నవ్వాను. అందరూ నవ్వారు. సిప్రియన్ నవ్వలేదు. పాక పక్కన బల్ల చివర కూర్చునేవాడు, మిగతా బల్ల ఎలాగూ ఖాళీయే. ఒక ఆదివారం ఏదో లోపల్లోపల కూడుతూ ఉండి, "వదినా, పేపరువాళ్లు వెర్రివాళ్లు" అన్నాడు.

"నీకిప్పుడు తెలిసిందా?"

"పేపర్లో బ్రూనో గొప్పవాడని వేస్తున్నారు, లియాండర్ పనికిరాడని వేస్తున్నారు. వాళ్లు చూసేది కొట్టినవే. నడిచివెళ్లినవి వాళ్ల లెక్కలోకి రావు, అసలు మైదానానికే రానట్టు. కానీ బేస్ ఎక్కిన మనిషి ఎక్కినట్టే కదా? కొట్టి ఎక్కితే ఒక బేస్, నడిచి ఎక్కితే ముప్పాతిక బేస్ అని ఇస్తారా?"

"ఇవ్వరు."

"వంద బంతాటలకు... అంటే వందసార్లు బ్యాటు పట్టుకుంటే, లియాండర్ నలభై నాలుగుసార్లు బేస్ మీద ఉంటున్నాడు. బ్రూనో ఇరవై తొమ్మిదిసార్లు. వాళ్లు క్యాను బరువు చూస్తున్నారు వదినా. వెన్న చూడ్డంలేదు."

"నా కేకులో చూసినట్టు నువ్వు చూస్తున్నావన్నమాట" అన్నాను. అతను అందులో వెటకారం కనిపెట్టలేదు. అతని దగ్గర ఆసిడ్ పోసినా తేలని పదార్థం అదొక్కటే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మర్నాడు సోమవారం రైతులు క్యాన్లు దించుతుంటే, బోర్డు మీద వాళ్ల వెన్న శాతాల కింద, అదే సుద్దతో, అదే చేత్తో రాసి ఉంది: లియాండర్ కోప్ – 44. బ్రూనో ఎన్నెకింగ్ – 29.

మా ఆయనకు ఆరోజు పాలు దించే పని ఉండి అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చి నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"ఇదేంటి?" అన్నాడు మథియాస్.

సిప్రియన్ చెప్పాడు. ఓపిగ్గా, సీసా కడుగుతూ, మొత్తం చెప్పాడు.

"అంటే, నా ఆవులకు మూడు. ఆ శవాలవాడికి నలభై నాలుగు."

"అవి వేరు, ఇవి వేరు మథియాసూ."

"వేరేమిటి? రాసింది నువ్వే కదా? పదహారు ఆవుల్ని మేపుతున్నాను. వాడు ఏమీ చెయ్యకుండా నిలబడతాడు. ఏమీ చెయ్యనివాడికి నలభై నాలుగు, ఒళ్లు వంచినవాడికి మూడు!"

"నీ ఆవు బేస్ ఎక్కితే దానికీ రాస్తాను" అన్నాడు సిప్రియన్. వేళాకోళానికి కాదు, నియమం చెప్పాడు. మథియాస్ క్యాను మూత నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

అంతవరకూ ఊరు లియాండర్‌ని చూసి నవ్వేది. ఆ సోమవారం నుంచి ద్వేషించడం మొదలుపెట్టింది. ఎందుకంటే అతను ఇప్పుడు సిప్రియన్ మనిషి. సిప్రియన్ ఒక అంకె రాశాడంటే అందులో ఎవరో ఒకరికి కోత పడి ఉంటుంది. ఇక్కడ కోత బ్రూనోకి పడింది, ఆ కోసినదంతా తెచ్చి లియాండర్‌కి పోశాడని తేల్చారు. మరుసటి ఆదివారం లియాండర్ బ్యాటు పట్టుకోగానే జనమంతా ఒక్క గొంతుతో "నల-భై-నా-లుగు! నల-భై-నా-లుగు!" అని అరిచారు. తిట్టులో బూతు లేకపోయేసరికి ఫాదర్ కూడా ఏమీ అనలేకపోయాడు.

ఆట అయ్యాక లియాండర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మా పాక దగ్గరికొచ్చాడు.

"సిప్రియన్ గారూ, మీకు చాలా కృతజ్ఞుణ్ణి. దయచేసి నన్ను పొగడకండి."

"పొగడలేదే. లెక్క చెప్పాను."

"ఆ లెక్కే చెప్పకండి." లియాండర్ నావైపు తిరిగాడు. "దొడ్డమ్మా, హ్యూబర్ట్ గారు నన్ను పిలిచారు. రైతులు దాణా పక్క ఊళ్లో కొంటామంటున్నారట. ఎల్మ్‌డార్ఫ్‌తో ఆటకి నన్ను కూర్చోబెడతారట."

ఎల్మ్‌డార్ఫ్‌తో ఆటే, అంటే పక్క ఊరితో ఆటే, ఆ ఏటికి చివరిది. గెలిచినవాళ్లు జిల్లా పోటీలకు వెళ్తారు. ఓడినవాళ్లకు వచ్చే వేసవి దాకా ఏమీ లేదు.

"కూర్చోబెడితే ఏమవుతుందిలే అబ్బాయ్, ఒక్క ఆటే కదా" అన్నాను.

"మా యజమానికి నేను ఆదివారాలు ఇక్కడికి రావడం ముందునుంచీ ఇష్టంలేదు. జట్టుకే అక్కర్లేనప్పుడు నువ్వెందుకు పోవడం అంటాడు. ఇక మానేసినట్టే." టోపీ అంచు చుట్టూ వేలు తిప్పాడు. "వారంలో ఒక్క పూట బతికున్నవాళ్ల మధ్య ఉంటాను, దొడ్డమ్మా. తిడతారు. తిట్టినా బాగానే ఉంటుంది. మిగతా ఆరు రోజులూ నన్నెవరూ ఏమీ అనరు."

లియాండర్ వెళ్లిపోయాక సిప్రియన్ ఆ బల్ల చివర చాలాసేపు కూర్చున్నాడు. వాళ్ల ఇంట్లో అందరూ పాలు పితకడానికి పోయారు, అతను పోలేదు.

బుధవారం సిప్రియన్ హ్యూబర్ట్ మిల్లుకు వెళ్లి అతనితో మాట్లాడాడు. హ్యూబర్ట్ మూర్ఖుడు కాదు, అంతా విన్నాడట. "నీ లెక్క నిజమే కావచ్చు సిప్రియనూ. నా కొడుకు గుడ్డిగా బాదుతాడని నాకూ తెలుసు. కానీ దాణా కొనేది మథియాస్ రోల్, నీ లెక్క కాదు" అన్నాడట.

గురువారం సిప్రియన్ మా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నేను రూబార్బ్ తరుగుతున్నాను.

"వదినా, ఒక సాయం కావాలి. ఈ ఊళ్లో నా అంకె ఎవరూ నమ్మరు. నీ కేకుని అందరూ నమ్ముతారు."

"ఎవరో ఒకరు తప్ప" అన్నాను.

"హోమ్ రన్‌కి కేకు ఇస్తావు. అది నాలుగు బేస్‌లు. మరి ఒక బేస్ ఎక్కినవాడికి ఒక ముక్క ఇవ్వాలి కదా? కొట్టి ఎక్కినా, నడిచి ఎక్కినా. లియాండర్ చేతిలో ముక్క చూస్తే అతను చేసిందేమిటో జనానికి కంటికి కనిపిస్తుంది. హ్యూబర్ట్‌తో నువ్వు చెబితే వింటాడు. పాక నీది."

మాటలో అర్థం ఉంది. నాకు తెలుసు. కానీ ఆ ఈస్టర్ కూడా నాకు గుర్తుంది.

"ఇస్తాను. ఒక్క మాట అను. నా కేకులో వెన్న సరిపోయిందని అను."

సిప్రియన్ నిలబడ్డాడు. కిటికీవైపు చూశాడు. రూబార్బ్‌వైపు చూశాడు. పాపం, నోరు తెరిచాడు కూడా. ఎవరి కోసం అడుగుతున్నాడో అతనికి బాగా తెలుసు. ఆ కుర్రాడికి ఆదివారం పోయింది తన సుద్దముక్క వల్లేనని తెలుసు. ఒక్క మాట చాలు. ఆ మాట పక్కింటి పిల్లి కూడా అనగలదు.

"రుచి అద్భుతం వదినా" అన్నాడు.

"రుచి సంగతి నేనడగలేదు."

"కాడలు లేతవి. పిండి గుల్లగా ఉంటుంది."

"వెన్న, సిప్రియన్."

అతని నుదుట చెమట పట్టింది. "కొంచెం తక్కువే" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"గుమ్మం అదిగో" అన్నాను.

వెళ్లిపోయాడు. నేను కాడలు తరిగాను, పిండి కలిపాను, పొయ్యిలో పెట్టాను. పెట్టాక కూర్చుని ఆలోచించాను. ఒకటి మాత్రం తెగలేదు. ఈ మనిషి తనకు పనిపడి, ప్రాణం మీదికొచ్చి, ఎవరూ చూడని వంటింట్లో, ఒక ఆడదాన్ని సంతోషపెట్టడానికి కూడా అబద్ధం ఆడలేకపోయాడు. అలాంటివాడు లియాండర్ విషయంలో ఎందుకు ఆడతాడు? మథియాస్ విషయంలో ఎందుకు ఆడి ఉంటాడు? నలభై నాలుగు అంటే నలభై నాలుగే అయ్యుండాలి. మూడు అంటే, మా అమ్మ ఆత్మకు శాంతి కలుగుగాక, మూడే అయ్యుండాలి.

కేకులో వెన్న సరిపోయింది, అది వేరే సంగతి. అక్కడ అతను పొరబడ్డాడు. పొరబాటు వేరు, అబద్ధం వేరు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద, మథియాస్‌తో సహా అందరూ ఉండగా, హ్యూబర్ట్‌ని ఆపాను.

"ఇవాళ మన కుర్రాళ్లలో బేస్ ఎక్కిన ప్రతివాడికీ కేకు ముక్క. ఎలా ఎక్కాడన్నది నాకనవసరం. లియాండర్ ఎప్పటిలా మొదట బ్యాటు పడతాడు."

"అలాగెలా కుదురుతుంది పిన్నీ, ఆచారం అంటే—"

"ఆచారం పెట్టింది నేను. లియాండర్ బ్యాటు పట్టకపోతే పాక తలుపు తెరవను. కాఫీ లేదు, సాసేజ్ లేదు, కేకు లేదు. ఎండలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోండి."

హ్యూబర్ట్ మథియాస్‌వైపు చూశాడు. మథియాస్ మెట్లవైపు చూశాడు. పూజకు ముందు ఎవరూ ఏమీ తినకూడదన్న నియమం ఆ రోజుల్లో ఉండేది. కడుపులు ఖాళీగా ఉన్నప్పుడు అడగడం మంచిదని నాకు ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది.

"దాణా సంగతి తరవాత చూద్దాంలే" అన్నాడు మథియాస్.

ఆట మొదలైంది. లియాండర్ వెళ్లి నిలబడ్డాడు. "నలభై నాలుగు" అని అక్కడక్కడా లేచింది. ఎల్మ్‌డార్ఫ్ తరఫున బంతి వేసేవాడు ఎర్రజుట్టు కుర్రాడు, బంతి జోరుగా వేస్తాడు, ఎక్కడికి వేస్తాడన్నది అతనికీ తెలియదు. నాలుగు చెడ్డవి పడ్డాయి. లియాండర్ బ్యాటు మెల్లగా పడుకోబెట్టి నడిచాడు. నేను పళ్లెంలో ముక్క పెట్టుకుని, ఏప్రన్‌తోనే, సుద్దగీత దాటి మైదానంలోకి నడిచాను. అంపైర్ ఆట ఆపి, "అమ్మా, ఇది..." అన్నాడు. చూశాను. ఊరుకున్నాడు.

లియాండర్ మొదటి బేస్ మీద నిలబడి, టోపీ చంకలో పెట్టుకుని, ఆ ముక్క తిన్నాడు. తొందరపడలేదని చెప్పక్కర్లేదు. ఎర్రజుట్టు కుర్రాడు బంతి చేత్తో పట్టుకుని ఆ తినడమే చూస్తున్నాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదనుకుంటాను. తరువాత అతను వేసిన బంతుల్లో కొట్టగలిగేవి చాలా తక్కువ.

మా కుర్రాళ్లు బుద్ధిమంతులు. రెండో విడతకల్లా అందరూ బ్యాటు భుజం మీద పెట్టుకుని నిలబడటం నేర్చుకున్నారు. బ్రూనో కూడా. అతను జన్మలో మొదటిసారి నాలుగు బంతులు వదిలేసి, తరువాత ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. "నడవరా!" అని వాళ్ల నాన్న అరవాల్సి వచ్చింది. నేను ముక్కలు మోసి మోసి మోకాళ్లు పట్టేశాయి. అంత విసుగైన ఆట మా మైదానంలో అంతకుముందూ లేదు, తరువాతా లేదు. ఎవరూ కొట్టరు. బంతులు పోతాయి. నడుస్తారు. తింటారు. ఎల్మ్‌డార్ఫ్‌వాళ్లు కొట్టి పరుగులు చేస్తున్నారు, మేము నడిచి చేస్తున్నాం. సరిసమానంగా ఉంది.

ఎండ వాలింది. పాలు పితికే వేళ దాటిపోయింది. మైదానం చుట్టూ పొలాల్లో ఆవులు కంచెల దగ్గరికొచ్చి అరవడం మొదలుపెట్టాయి. ఎవరి ఆవు గొంతు వాళ్లకు తెలుసు. రైతులు బల్లల మీద ఇటూ అటూ కదులుతున్నారు. లేచి వెళ్లలేరు, ఎల్మ్‌డార్ఫ్ మరి. కూర్చోలేరు, ఆవులు మరి.

చివరి విడత. మావాళ్లలో ఇద్దరు అప్పటికే అవుటయ్యారు, మూడోవాడు పోతే విడత ముగిసినట్టే. రెండు జట్లకీ సమానంగా పరుగులు. మూడు బేస్‌ల మీదా మావాళ్లే, నోళ్లనిండా కేకు. బ్యాటు పట్టడానికి లియాండర్ వచ్చాడు. ఇప్పుడతను బేస్ ఎక్కితే మూడో బేస్ మీద ఉన్నవాడు నాలుగోదానికి జరిగి పరుగు తెచ్చేస్తాడు. ఆట అయిపోతుంది.

చెడ్డ బంతి. చెడ్డ బంతి. మంచిది. చెడ్డది. మంచిది. ఇక ఒక్క బంతి మిగిలింది, చెడ్డదైతే గెలుపు, మంచిదైతే అవుటు, మళ్లీ ఇంకో విడత.

అప్పుడు మథియాస్ రోల్ బల్ల మీదికెక్కాడు. ఆయన ఆవు ఒకటి దూరం నుంచి బూరలా అరుస్తోంది.

"ఒరేయ్ లియాండర్! కొట్టకురా! నీకు పుణ్యముంటుంది, కొట్టకు! నిలబడు!"

"నిలబడు!" అని ఇంకొకడు. తరువాత అందరూ. వేసవంతా ఏం చేస్తున్నాడని ఆ కుర్రాణ్ణి తిట్టారో, అదే చేయమని ఊరంతా బతిమాలింది. సిప్రియన్‌ని చూశాను. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, సీసా మెడలో గీత చూసేటప్పటిలా ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

బంతి వచ్చింది. లియాండర్ కదల్లేదు. అంపైర్ కూడా కదల్లేదు. చాలాసేపు ఆలోచించాడు. ఆవు అరిచింది.

"చెడ్డది" అన్నాడు అంపైర్.

లియాండర్ బ్యాటు మెల్లగా కింద పెట్టాడు. గెలిచాం. ఎవరూ అతన్ని భుజాలకెత్తుకోలేదు, ఎందుకంటే అప్పటికే అందరూ పాలు పితకడానికి పరిగెడుతున్నారు. మైదానంలో మేం ముగ్గురమే మిగిలాం. కేకు ఒక్క ముక్క మిగిలింది. లియాండర్‌కి ఇచ్చాను. అతను సగం విరిచి సిప్రియన్‌కి ఇచ్చాడు. సిప్రియన్ తిన్నాడు. నేను అతని నోటివైపే చూస్తున్నాను. ఏమీ అనలేదు. ఆ రోజుకి అదే ఎక్కువ.

సోమవారం పొద్దున్న పాలకేంద్రంలో ఏం జరిగిందో మా ఆయన చెప్పాడు. పొదుగులో ఎక్కువసేపు నిలిచిన పాలలో వెన్న పలచబడుతుంది. అందరి శాతమూ తగ్గింది. సిప్రియన్ తగ్గినట్టే రాశాడు. మథియాస్‌కి రెండు పాయింట్ తొమ్మిది. ఊరికి జిల్లా పోటీలు తెచ్చిపెట్టిన లెక్క రాసింది ఆ చెయ్యేనని ఎవరూ ఒక పాయింట్ కూడా తగ్గించి కోప్పడలేదు. మామూలుగానే తిట్టారు. కింద రాసి ఉంది: లియాండర్ కోప్ – 46.

మథియాస్ ఆ అంకె ముందు నిలబడి వేళ్లు మడిచాడు, విప్పాడు.

"ఇది తప్పు" అన్నాడు.

"ఏది?"

"నిన్న ఐదుసార్లు వచ్చాడు, నాలుగుసార్లు ఎక్కాడు. నలభై నాలుగు మీద నలభై ఏడన్నా ఉండాలి. వాడిక్కూడా కోసేశావా నువ్వు?"

"నలభై ఆరు పాయింట్ రెండు వస్తుంది మథియాసూ. పాయింట్ రెండు రాయడానికి బోర్డు మీద చోటులేదు."

"చోటు చెయ్యి! కుర్రాడు ఎండలో అంతసేపు నిలబడ్డాడు, వాడి పాయింట్ రెండు నువ్వెవడివి మింగడానికి? కావాలంటే నా రెండు పాయింట్ తొమ్మిది చెరిపెయ్, బోలెడు చోటొస్తుంది."

సిప్రియన్ దేన్నీ చెరపలేదు. బోర్డు చెక్క అంచు మీద, చిన్నగా, పాయింట్ రెండు అని రాశాడు. మథియాస్ దగ్గరికెళ్లి చూసి, అప్పుడు క్యాన్లు తీసుకుని వెళ్లాడు.

లియాండర్ ఆ తరువాత తొమ్మిదేళ్లు ఆడాడు. ఇప్పుడు ఆ శవాల పని అతనిదే. సిప్రియన్ పక్కన మాత్రం ఆఖరిదాకా ఎవరూ కూర్చోలేదు, లియాండర్ తప్ప.

ఫాదర్ మంచి మాటలు కావాలన్నాడు. నాకు తెలిసింది ఒకటే. మా మరిది చెప్పినవాటిలో ఏదీ తప్పు కాదు, ఆ కేకు విషయంలో తప్ప.